పాటగాని ముఖము

'రాక్' అను మాట చెవిని పడగానే కడప, కర్నూలు సీమలవారికి మొదట జ్ఞప్తికి వచ్చునది రాయి. బడిలో ఆ ఆంగ్లపదమునకు నేర్పిన అర్థమదియే. బేతంచెర్ల నాపరాళ్లతో కట్టిన యిండ్లలో పుట్టి పెరిగినవారికి రాతికిని సంగీతమునకును పొత్తు ఎట్లు కుదిరినదని సందేహము కలుగుట సహజము. ఇచట ఆ మాటకు ఊగుట అని అర్థము. 1950 దశకమున అమెరికాలో నల్లజాతివారి బ్లూస్ పాటలనుండియు, పల్లెవాసుల కంట్రీ పాటలనుండియు జీవము పోసికొని, విద్యుత్తుతో మ్రోగు గిటారును, పెద్ద డ్రమ్ములను తోడు తెచ్చుకొని, యువజనులను ఊపివేసిన సంగీతమొకటి బయలుదేరెను. దానికి రాక్ అండ్ రోల్ అని పేరు పెట్టిరి. తరువాతి దశకమున అది మరికొన్ని రూపములు దాల్చి రాక్ సంగీతమని ప్రపంచమంతట వ్యాపించెను.

ఆ సంగీతము మన చెవులకు ఇంపగునా కాదా అనునది ఈ వ్యాసమునకు విషయము కాదు. ఆ పాటగాండ్ర ముఖములను లోకమునకు చూపిన ఒక ఫొటోగ్రాఫరు జీవితమును గూర్చి కొంత చెప్పుట నా ఉద్దేశము. అతని పేరు జిమ్ మార్షల్. అతడు మన దేశపువాడు కాడు. అతడు చిత్రించిన గాయకులను మనలో పలువురు విని యుండరు. అయినను అతని వృత్తి నడచిన తీరులో మన ఉపాధ్యాయులకు, విద్యార్థులకు పనికివచ్చు సంగతి ఒకటి కలదు. దానిని గ్రహించుటకు ముందు మన యింటి సంగతి ఒకమారు చూచుకొనవలెను.

పాట నిలిచినది, ముఖము నిలువలేదు

రాజంపేట చెంతనున్న తాళ్లపాకలో జన్మించిన అన్నమాచార్యుడు 1408 మొదలు 1503 వరకు జీవించెనని పెద్దల నిర్ణయము. ఆయన సంకీర్తనలు వేలకొలది రాగిరేకులపై చెక్కబడి తిరుమల ఆలయమున భద్రపడినవి. రాగి చెడలేదు గనుక పాట చెడలేదు. కాని ఆయన ముఖమెట్లుండెడిదో ఎవరు చెప్పగలరు? సంకీర్తన భాండాగారము వాకిట నున్న రెండు శిల్పములు ఆయనవి, ఆయన కుమారునివి అని చెప్పుదురు. అంతకు మించి మనకు తెలియదు. వేమన పద్యము రాని యిల్లు మన సీమలో లేదు. అయినను మన పాఠ్యపుస్తకములలో కనిపించు వేమన చిత్రకారుని భావనలో పుట్టిన వేమనయే.

వీరు కెమేరా పుట్టుటకు ఎంతయో ముందటివారు గదా అని అనవచ్చును. కెమేరా పుట్టిన తరువాతి సంగతి చూతము. ఫ్రాన్సు దేశమున డాగెర్ అనునతడు ఛాయాచిత్ర విద్యను 1839లో లోకమునకు వెల్లడించెను. అటుపై ఎనిమిదేండ్లకు, 1847 ఫిబ్రవరి 22వ తేదీన, కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఆంగ్లేయులు ఉరితీసిరి. ఆయన కథను జానపదులు పాటలు గట్టి తరతరములుగ పాడుకొనిరి. ఆయన ఫొటో మనకు లేదు. ఆ పాటను తొలుత గట్టిన గాయకుని ముఖము లేకపోవుటయే గాదు, పేరు సైతము లేదు. వీరునకు పాటయైనను మిగిలినది. పాటగానికి ఏమియు మిగులలేదు.

1963లో కడపలో ఆకాశవాణి కేంద్రము వెలసినది. మన సీమ గొంతులు ఇంటింటను వినవచ్చినవి. అయితే రేడియో గొంతును మాత్రమే తెచ్చును. పాడువాడు కన్నులు మూసికొని పాడెనో తెరచికొని పాడెనో, అతని చేతివ్రేళ్లు ఎట్లు కదలెనో శ్రోతకు తెలియదు. వానిని నిలుపగలది కెమేరా యొక్కటే.

కుర్చీయు, తెరయు

కెమేరా మన తెలుగునేలపై వెలసినప్పుడు అది మొదట చూచినది రాజులను, ప్రభువులను. మీరట్ సమీపమున సర్ధానాలో 1844లో పుట్టిన లాలా దీన్‌దయాళ్, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో డ్రాయింగు పని చేయుచు 1874 ప్రాంతమున ఫొటోలు తీయుట నేర్చెను. పిమ్మట ఆయన సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాగ్రాహకుడై 'రాజా' బిరుదము వహించెను. ఘోషాలో నుండు స్త్రీలకొరకు 1892లో హైదరాబాదున ప్రత్యేకముగ స్టూడియో తెరచి, దాని నిర్వహణమును ఒక ఆంగ్ల మహిళకు అప్పగించెను. ఎదుట నున్నవారి మర్యాదను తెలిసి మెలగని ఫొటోగ్రాఫరునకు ముఖము దొరకదని ఆయన ఎరుగును. 1905లో ఆయన గతించెను. ఆయన గాజుపలకలు రెండువేల ఎనిమిదివందలకు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. గాజు పగులు వస్తువే. అయినను దాచుకొన్నవారు కలరు గనుక నిలిచినది.

దీన్‌దయాళ్ కాలమునాటి పద్ధతి ఏమనగా, మనిషిని కుర్చీపై కూర్చుండబెట్టి కదలవలదని చెప్పుట. వెనుక చిత్రించిన తెర, ప్రక్కన పూలకుండీ గల చిన్న బల్ల, చేతిలో పుస్తకము. మన పట్టణములలోని స్టూడియోలలో ఈ ఏర్పాటు చాలకాలము సాగినది. పెండ్లి ఫొటోలు, షష్టిపూర్తి ఫొటోలు, హైస్కూలు వీడ్కోలు ఫొటోలు అన్నియు ఆ తెర ముందు తీసినవే. హరికథకుడు ఫొటో దిగినను చిడతలు చేతబట్టి బొమ్మవలె నిలువవలసినదే. ఆ ఫొటోలో దుస్తులు కనిపించును, హోదా కనిపించును. అతడు పాడువాడని చిడతలు చెప్పవలసినదే గాని ముఖము చెప్పదు. ఈ లోపమును తీర్చుటయే జిమ్ మార్షల్ తన వృత్తిగ పెట్టుకొనెను.

దారి చూపిన ఫలము

జిమ్ మార్షల్ 1936 ఫిబ్రవరి 3వ తేదీన షికాగో నగరమున జన్మించెను. పసితనముననే కుటుంబము శాన్‌ఫ్రాన్సిస్కోకు తరలెను. హైస్కూలులో నుండగనే అతడు కెమేరా కొనెను. కొన్ని యేండ్లు వైమానిక దళమున పనిచేసి తిరిగి వచ్చి, ఆ నగరపు సంగీతశాలల చుట్టు తిరుగనారంభించెను. 1959లో లైకా అను జర్మను కెమేరాను సంపాదించెను. ఆ కెమేరా తుదివరకు అతని చేతిని విడువలేదు.

1960లో జరిగిన ఒక చిన్న సంగతి అతని జీవితమును మలుపు త్రిప్పెను. జాజ్ సంగీతమున మహావిద్వాంసుడని పేరొందిన జాన్ కోల్ట్రేన్ శాన్‌ఫ్రాన్సిస్కోకు వచ్చి యుండెను. బర్క్‌లీలో నున్న రాల్ఫ్ గ్లీసన్ అను సంగీత విమర్శకుని ఇంటికి పోవలసి, దారి ఎటని యువకుడైన మార్షల్‌ను అడిగెను. నేనే కారులో తీసికొనిపోయెదను, ఫొటోలు తీసికొననిండు అని మార్షల్ కోరెను. కోల్ట్రేన్ అంగీకరించెను. గ్లీసన్ ఇంటిలో ఆ విద్వాంసుడు కణతలపై వ్రేళ్లుంచి ఆలోచించుచు కూర్చున్న క్షణములను మార్షల్ పట్టుకొనెను. వాద్యము ప్రక్కన లేదు, వేదిక లేదు. అయినను ఆ ముఖము చూచినవారికి లోపల ఏదో రాగము నడచుచున్నదని తోచును.

పిలువని పేరంటమునకు పోయి చాటున తీసిన ఫొటో కాదది. ఒకరు దారి యడిగిరి, ఒకరు దారి చూపిరి. ఆ చనవునుండి చిత్రము పుట్టినది. మార్షల్ తరువాత అర్ధశతాబ్దము అనుసరించిన పద్ధతి అంతయు ఈ చిన్న సంగతిలో ఇమిడి యున్నది.

వెలుతురు, చప్పుడు, దూరము

విద్యార్థులకొరకు ఇచట పనిముట్ల మాట కొంత చెప్పవలెను. కెమేరాలోనికి వచ్చు వెలుతురును రెండు సాధనములు శాసించును. ఒకటి లెన్సు రంధ్రపు వెడల్పు. రెండవది షట్టరు తెరచియుండు కాలము. మూడవదిగ ఫిల్ము గ్రహణశక్తి తోడగును. వెలుతురు తక్కువైనపుడు రంధ్రమును పెద్దది చేయవలెను, లేదా షట్టరును ఎక్కువసేపు తెరచి యుంచవలెను. రంధ్రము పెద్దదైన కొలది చిత్రములో కొంత దూరము మాత్రమే స్పష్టముగ నుండును. షట్టరు ఎక్కువసేపు తెరచిన మనిషి కదలిక చెదరి పడును. పాడువాడు కదలక యుండడు. ఇదియే సంగీతమును చిత్రించువానికి వచ్చు చిక్కు.

ఈ చిక్కును తప్పించుకొనుటకు పలువురు ఫ్లాష్ వెలిగింతురు. మార్షల్ దానిని చేరనీయలేదు. ఫ్లాష్ వెలిగిన క్షణమున గాయకుడు పాటనుండి తొలగి కెమేరా వంక చూచును. గదిలో నున్న సహజమైన వెలుగు నీడలు చెడును. అందుచేత మార్షల్ అచట ఉన్న వెలుతురుతోనే పని జరుపుకొనెను. 1950 దశకమున కోడక్ సంస్థ తెచ్చిన ట్రై-ఎక్స్ అను ఫిల్ము తక్కువ వెలుతురును సైతము పట్టగలదు. లైకా కెమేరాలో అద్దము ఎగిరిపడు యంత్రము లేనందున దాని చప్పుడు బహు స్వల్పము. చిన్న గదిలో గొంతు సవరించుకొనుచున్న గాయకునికి కూడ అది వినబడదు.

మన సీమవారికి దీని వెనుక మరొక సంగతి సులభముగ తెలియగలదు. చైత్ర వైశాఖములలో మిట్టమధ్యాహ్నము ఫొటో తీసినచో కనుబొమల క్రింద నల్లని నీడ పడి కన్నులు గుంటలవలె కనిపించును. ఎండకు మొగము చిట్లించుకొనుటచే గంభీరుడు సైతము కోపిష్ఠివలె తోచును. మన పాత ఫొటోలలో తాతలు అంత కఠినముగ కనిపించుటకు సగము కారణము సూర్యుడు. అదే మనిషి వేపచెట్టు నీడన గాని, వసారాలో వాకిలి వైపు తిరిగి గాని కూర్చున్నచో ముఖము విప్పారును. వెలుతురును మార్చనక్కర లేదు, దానికి తగిన చోటు ఎరిగి నిలిచిన చాలును. మార్షల్ నేర్పంతయు ఇట్టిదే.

ఇక దూరము. అతని చిత్రములలో పెక్కింటిని దూరపు లెన్సుతో తీయలేదు. గాయకునికి రెండు మూడు బారల దూరమున నిలిచి తీసెను. అంత దగ్గరగ నిలువవలెనన్న లెన్సు చాలదు, ఎదుటివాని అంగీకారము కావలెను.

ఇంటిలోని విద్వాంసుడు, వీధిలోని కవి

1962లో మార్షల్ న్యూయార్కు చేరెను. గ్రామఫోను కంపెనీలకు, పత్రికలకు ఫొటోలు తీసి రెండేండ్లు జీవించెను. ఆ కాలమున థెలోనియస్ మంక్ అను పియానో విద్వాంసుని అతని యింటిలో, భార్యాబిడ్డల నడుమ చిత్రించెను. జాజ్ విద్వాంసులను పొగనిండిన రాత్రి శాలలలో చూచుటకు అలవాటుపడిన అమెరికా పాఠకులకు, ఒక ఇరుకు వంటింటి చెంత పిల్లలతో నున్న తండ్రి కనిపించెను.

1963లో ఒక ఉదయమున బాబ్ డిలన్ అను యువగాయకుడు మిత్రులతో ఫలహారమునకు పోవుచుండగ మార్షల్ వెంట నడచెను. వీధిలో పాత టైరు ఒకటి పడి యుండెను. డిలన్ దానిని చిన్నపిల్లవానివలె దొర్లించుకొనుచు పరుగిడెను. మార్షల్ ఒకటి రెండు చిత్రములు తీసెను. తరువాత పండితులు ఆ టైరునకు ఏవేవో తాత్త్వికార్థములు కల్పించిరి. దాని వెనుక అట్టి ఏర్పాటు ఏమియు లేదు. మన పల్లెలలో పిల్లలు కర్రతో టైరు కొట్టుకొనుచు పోవునట్టి ఆటయే అది. ఆ డిలన్‌కే 2016లో సాహిత్యమునకు నోబెల్ బహుమానము వచ్చెను. బహుమానము పొందిన కవిని ఎవరైనను చిత్రింపవచ్చును. టైరు దొర్లించు కుర్రవానిని చిత్రించుటకు ఆనాడు అతని వెంట నడచినవాడు కావలెను.

జైలులో పాట

1964లో మార్షల్ శాన్‌ఫ్రాన్సిస్కోకు మరలి వచ్చెను. ఆ నగరము అప్పుడే రాక్ సంగీతమునకు పట్టుగొమ్మ అగుచుండెను. తరువాతి ఐదారేండ్లలో జరిగిన పెద్ద సంగీత సన్నివేశములలో అతడు లేనిది అరుదు. 1966 ఆగస్టు 29వ తేదీన బీటిల్స్ బృందము ఆ నగరపు కాండిల్‌స్టిక్ పార్కులో పాడెను. టిక్కెట్టు పెట్టి వారు పాడిన కచేరీలలో అదియే కడపటిది. ఆనాడు తెర వెనుకకు ప్రవేశము లభించిన ఫొటోగ్రాఫరు మార్షల్ ఒక్కడే. 1967 జూన్ నెలలో మాంటరేలో జరిగిన సంగీతోత్సవమున జిమి హెండ్రిక్స్ తన గిటారునకు నిప్పంటించినపుడు అతడచట నుండెను. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ ఉత్సవమునకు నాలుగు లక్షలకు పైగా జనము చేరిరని అంచనా. అచటను అతడు వేదికపై నుండెను.

వీటన్నిటిలో నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది జైలు కచేరీ. 1968 జనవరి 13వ తేదీన జానీ క్యాష్ అను గాయకుడు కాలిఫోర్నియాలోని ఫాల్సమ్ కారాగారమున ఖైదీల ఎదుట పాడెను. కొలంబియా కంపెనీ దానిని రికార్డు చేసెను. మార్షల్ వెంట పోయెను. ఆ రికార్డు అట్టపై అచ్చయిన ముఖము మార్షల్ తీసినదే. చెమటతో తడిసిన ఆ ముఖమున గాయకుని విజయగర్వము కానరాదు. తానును వీరిలో ఒకడు కావలసినవాడు గదా అను భావము తోచును. మరుసటి యేట, 1969 ఫిబ్రవరి 24వ తేదీన, శాన్ క్వెంటిన్ జైలులో క్యాష్ మరల పాడెను. కచేరీకి ముందు మార్షల్, జైలు అధికారికొరకు ఒక ఫొటో అని హాస్యమాడగ, క్యాష్ పండ్లు కొరికి చేయెత్తి అమర్యాదగ వ్రేలు చూపెను. ఆ చిత్రము మర్యాదకరము కాదు. బడిగోడకు తగిలింపదగినది అంతకన్న కాదు. కాని అధికారముపై ఒక గాయకుని ధిక్కారము ఎట్లుండునో అది చూపినట్లు నూరు వ్యాసములు చూపలేవు. అపరిచితుని ఎదుట ఎవడును ముఖమును అంతగ విప్పి చూపడు.

నమ్మకమునకు మరొక పార్శ్వము కలదు. 1968లో జానిస్ జాప్లిన్ అను గాయని తెర వెనుక సోఫాపై ఒరిగి, చేత మద్యపు సీసా పట్టుకొని, అలసి యున్న క్షణమును మార్షల్ చిత్రించెను. వేదికపై ఆమె నిప్పుకణికవంటిది. ఆ చిత్రమున ఆమె ఒంటరి. 1970 అక్టోబరులో, ఇరువది యేడేండ్ల వయసున, ఆమె మరణించెను. అంతకు కొద్దిదినముల ముందే హెండ్రిక్స్ అదే వయసున పోయెను. ఇట్టి చిత్రమును తీయవచ్చునా, అచ్చు వేయవచ్చునా అను ప్రశ్న నేటికిని తెగలేదు. ఫొటోగ్రాఫరు చేతిలో ఒకరి బలహీనత ఉన్నప్పుడు దానిని అతడు ఏమి చేయును అనునదియే అతనికి పరీక్ష. మార్షల్ గాయకులకు హాని చేయు చిత్రములను అమ్ముకొనువాడు కాడని వారు నమ్మిరి. నమ్మకపోయినచో అతనిని మరల లోనికి రానీయరు.

ఒకప్పుడు నమ్మకము చాలక నవ్వు కావలసివచ్చును. 1971లో ఆల్మన్ బ్రదర్స్ బృందపు రికార్డు అట్టకొరకు జార్జియా రాష్ట్రపు మేకన్ నగరమున ఇటుకగోడ ముందర వాద్యపు పెట్టెలను పేర్చి వారిని కూర్చుండబెట్టెను. పొద్దున్నే లేపినందులకు వారందరు ముఖములు ముడుచుకొని యుండిరి. ఇంతలో డ్వేన్ ఆల్మన్ పరిచయస్థుని ఒకనిని చూచి లేచి పరుగెత్తి, మరల వచ్చి ఏమియు ఎరుగనివానివలె కూర్చుండెను. బృందమంతయు పగులబడి నవ్వెను. షట్టరు కదలెను. అట్టపై అచ్చయినది ఆ నవ్వే.

కోపిష్ఠి

మార్షల్‌ను మహాత్మునిగ చిత్రించుట అసత్యమగును. అతడు ముక్కోపి. మత్తుమందులకు లోబడెను. తుపాకులపై వ్యామోహము కలవాడు. 1980 దశకమున తుపాకి కారణముననే న్యాయస్థానమెక్కి శిక్ష అనుభవించెను. కొన్నియేండ్లు అతని వృత్తి మందగించెను.

అదే కాలమున సంగీత వ్యాపారమును మారెను. గాయకుల చుట్టు ప్రచారకర్తలు, న్యాయవాదులు చేరిరి. కచేరీలో మొదటి మూడు పాటల వరకే ఫొటోలు తీయవలెనని, పిమ్మట బయటికి పోవలెనని నియమము ఏర్పడెను. తీసిన చిత్రములు ముందుగ చూపి ఒప్పించుకొనవలెననిరి. మార్షల్ దీనికి తల యొగ్గలేదు. పూర్తి ప్రవేశము లేనిచో పనియే వలదని చెప్పెను. అందువలన పెక్కు అవకాశములు జారిపోయినవి. మొండితనమని కొందరనిరి. కాని మూడు పాటలలో ఒక మనిషి ముఖము దొరకునా? కచేరీ ఆరంభమున గాయకుడు ఇంకను గొంతు సవరించుకొనుచునే యుండును. పల్లవి కుదిరి, మనసు కరగి, ఒడలు మరచునది తరువాతి సంగతి. మన హరికథలో గాని బుఱ్ఱకథలో గాని కథకుడు ఆవేశము పొందుట ఏ జామునకో అనుభవజ్ఞులకు తెలియును.

ఒక విషయమున మాత్రము అతడు దూరదృష్టి కలవాడు. తాను తీసిన చిత్రములపై హక్కును తన వద్దనే ఉంచుకొనెను. నెగెటివులను దాచెను. ఐదువందలకు పైగా రికార్డు అట్టలపై అతని చిత్రములు అచ్చయినవని చెప్పుదురు. 2009లో వెలువడిన అతని చిత్రసంపుటమునకు 'ట్రస్ట్' అని పేరు. నమ్మకము అని దాని అర్థము. 2010 మార్చి 24వ తేదీన న్యూయార్కున అతడు మరణించెను. అతనికి బిడ్డలు లేరు. చిరకాల సహాయకురాలు అమీలియా డేవిస్‌కు ఆ చిత్రభాండారమును అప్పగించి పోయెను. 2014లో గ్రామీ సంస్థవారు అతనికి ట్రస్టీల పురస్కారము నొసగిరి. సంగీతమున స్వరమైనను పలుకని ఫొటోగ్రాఫరునకు ఆ గౌరవము దక్కుట అదియే మొదలు.

మన పల్లెలో ఎవరు?

ఇంత చెప్పి మన సీమకు రాక పోయినచో ఈ వ్యాసము పరదేశపు ముచ్చటగ మిగులును. కడప, కర్నూలు పల్లెలలో చెక్కభజన బృందములు కలవు. కోలాటము నేర్పు గురువులు కలరు. బుఱ్ఱకథ చెప్పినవారు, తోలుబొమ్మల వెనుక నిలిచి రాత్రియంతయు గానము చేసినవారు, పీర్ల పండుగలో పాడువారు, నాట్లలోను కలుపులలోను పాట నందించు స్త్రీలు కలరు. వీరిలో వృద్ధులు ఒక్కొక్కరుగ రాలిపోవుచున్నారు. కెమేరా నేడు కరవు కాదు. ప్రతి చేతిలో సెల్‌ఫోను కలదు, ప్రతి సెల్‌ఫోనులో కెమేరా కలదు. ఒక తిరునాళ్లలో ఒక్క రాత్రి తీయు చిత్రములు మార్షల్ పలు మాసములలో తీసినవానికి ఎక్కువగ నుండవచ్చును.

అయినను ఆ చిత్రములలో పాటగాని ముఖము అరుదు. తీయువాడు తన ముఖమును ముందుంచి, వెనుక వేదికను ఉంచును. పాడువారు దూరమున రంగుల చుక్కలుగ కనిపింతురు. దగ్గరగ తీసినను పేరు వ్రాయువారు లేరు. ఫోను పాడైన నాడు ఆ చిత్రమును పోవును. నూరేండ్లనాటి గాజుపలక నిలిచినది, నిరుటి చిత్రము నిలువలేదు.

స్టూడియోల సంగతియు ఇట్టిదే. ఫిల్ము కాలమున ఫొటో మనకిచ్చి నెగెటివును స్టూడియోవారు దాచుకొనెడివారు. ఆ అట్టపెట్టెలలో ఒక తాలూకా వారి ముఖములన్నియు ఉండెడివి. స్టూడియో మూసివేసినపుడు ఆ పెట్టెలు ఏ మూలకు చేరును? అందులో ఏ హరికథకుడున్నాడో, ఏ నాటక గాయకుడున్నాడో చెప్పగల వృద్ధులు ఉన్నపుడే అడిగి వ్రాసికొనకున్న, ఆ ముఖములు దొరికినను ఎవరివో తెలియవు. కోయిలకుంట్ల పాటకు ముఖము లేకపోయినది. ఈ ముఖములకు పేరు లేకుండ పోవును.

ఇది పెద్ద సంస్థలు వచ్చి చేయునంతవరకు వేచియుండవలసిన పని కాదు. ఒక పాఠశాల చేయగలదు. ఒక తరగతిలో నలువదిమంది పిల్లలున్నచో, వారు వచ్చు ఊళ్లు పదియైనను ఉండును. ప్రతి ఊరిలోను పాడువారు ఒక్కరైనను ఉందురు. విద్యార్థి ముందుగ ఆ అవ్వనో తాతనో కలిసి కూర్చుండవలెను. పాట వినవలెను. రెండవ మారు, మూడవ మారు పోవలెను. కెమేరా చూచి బిగుసుకొనుట మానినపుడు, అనుమతి అడిగి, ఎండ తగ్గిన వేళ వసారాలో ఒక చిత్రము తీయవలెను. వలదనినచో తీయరాదు. తీసినచో కాగితముపై అచ్చొత్తించి ఒక ప్రతిని వారికి తప్పక ఇయ్యవలెను. మన జానపద గాయకులను చిత్రించుకొని పోయినవారు పలువురు. ఆ చిత్రమును తెచ్చి చేతికిచ్చినవారు తక్కువ.

మరియొక ప్రతి వెనుక పేరు, ఊరు, వయసు, పాడు పాట, నేర్పిన గురువు పేరు, తీసిన తేదీ, తీసిన విద్యార్థి పేరు పెన్సిలుతో వ్రాసి బడిలో ఉంచవలెను. పెన్సిలు అనుటకు కారణము కలదు. సిరా కాలక్రమమున కాగితమునకు ఎక్కి ముఖముపై మచ్చగ తేలవచ్చును. ఏడాదికి ఇరువది చిత్రములైన చాలును. పదేండ్లకు అవి రెండువందలగును. ఆ రెండువందల ముఖములకు పేర్లుండును.

తిరునాళ్ల కాలము వచ్చుచున్నది. ఈ మారు భజన బృందము ఊరిలోనికి వచ్చినపుడు, ముందు వరుసలో చెక్కలు పట్టినవాని పేరు మన పిల్లలలో ఎందరికి తెలియునో ఉపాధ్యాయులు ఒక్కసారి తరగతిలో అడిగి చూతురుగాక.